యముడి దిక్కున వేడినీళ్ళు

ఇబ్రహీంపట్నం,
కార్తీకం వెళ్ళిన ఆదివారం

అక్కకు, సుగుణ దండం పెట్టి రాస్తున్నది.

ఇక్కడ మేమంతా క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి క్షేమం. నీ తుంటి ఎముక ఎట్లా ఉంది? కర్ర లేకుండా వాకిట్లో తిరుగుతున్నావని రాములు చెప్పిపోయాడు. నీ కొడుకు మాటల్లో సగం తీసేసి వింటాను గనక కర్రతోనే తిరుగుతున్నావని అనుకుంటున్నాను. కర్ర పట్టుకుంటే ముసలిదానివని అందరికీ తెలిసిపోతుందని నీ భయం. తెలిసి చాలా కాలమైంది, పట్టుకో. నీ కోడలు, పిల్లలు, బర్రె బాగున్నారని తలుస్తాను.

ఫోన్ చేయక ఉత్తరం ఎందుకంటే, పోయినసారి నేను పక్క వీధిలో చావు గురించి చెప్తుంటే నువ్వు "తాగిన, ఇప్పుడే తాగిన, నువ్వు తాగినవా చాయ్" అన్నావు. నీ చెవులకూ ఆ ఫోన్‌కూ పొత్తు కుదరదు. కళ్ళు బాగానే ఉన్నాయి కదా, కూర్చుని చదువుకో.

నా గురించి ఫికర్ పెట్టుకోకు. తింటున్నాను, మందులు వేసుకుంటున్నాను, నిద్ర పడుతోంది. అంత బాగా నిద్ర పట్టడమే నాకు కొంచెం వింతగా ఉంది. పొద్దున్నే మనోహర్ ఆదిభట్ల కంపెనీ బస్సెక్కుతాడు. కోడలు శేరిగూడలో కాలేజీ ఆఫీసుకు పోతుంది. ఆ తర్వాత ఇంట్లో నేనూ కుక్కరూ. మాట్లాడేది కుక్కరే. ఇక్కడ జొన్నరొట్టెలు అంగట్లో అమ్ముతారు. ఒకసారి కొన్నాను. అట్టముక్క నయం. రాములు మళ్ళీ వచ్చేటప్పుడు పచ్చజొన్న పిండి కొంచెం, కుంకుడుకాయలు కొంచెం పంపు. కందులు వద్దు, పోయినసారివే డబ్బాలో ఉన్నాయి.

ఇక నువ్వు అడిగిన మాట. "మరిదికి ఆఖరి స్నానం వేడినీళ్ళతోనే పోసిన్రా" అని మళ్ళీ రాములుతో అడిగించావు. అప్పుడు నువ్వు విరిగిన ఎముకతో మంచంలో ఉన్నావు, రాలేకపోయావు. వచ్చినవాళ్ళెవరూ నీకు సరిగ్గా చెప్పినట్టు లేరు. పోయలేదక్కా. చన్నీళ్ళే పోశారు. అదెట్లా జరిగిందో రాస్తాను, దాని తర్వాత ఇక్కడ ఏం చేశామో కూడా రాస్తాను. రెండూ ఒకటే సంగతి.

మాది కిరాయి ఇల్లని నీకు తెలుసు. పొలం పోయింది, దానికి బదులు వచ్చిన ప్లాటులో ఇంకా పునాది కూడా పడలేదు. కింద ఓనరు జంగయ్య, పైన మేము. జంగయ్య చెడ్డవాడు కాదు. బోనాలకు మాంసం కూర గిన్నెడు పంపిస్తాడు, మోటరు వేసేముందు "నీళ్ళు వస్తున్నయా టీచరమ్మా" అని కేకేస్తాడు. మా ఆయన దవాఖానలో పోయిన పొద్దున, తీసుకొస్తున్నామని మనోహర్ ఫోన్ చేస్తే, జంగయ్య వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు.

"టీచరమ్మా, ఏమనుకోకుండ్రి. పెద్దాయనంటె నాకు మస్తు ఇజ్జత్. గని పీనుగను ఇంట్లకు తేవొద్దు. కొత్త ఇల్లు. కిరాయిదార్ల చావు ఓనరింట్ల కావొద్దంటరు."

"మరి ఏడ పెట్టుమంటవ్ జంగయ్యా?"

"కాలనీ హాలున్నది గద. కమిటోళ్ళకు నేనే ఫోన్ జేస్త."

ఇది జంగయ్య ఒక్కడి పద్ధతి కాదు. ఇటువైపు అందరిదీ ఇదే. మన ఊళ్ళో ఎవరు పోతే వాళ్ళ గడప ముందే పడుకోబెడతాం. ఇక్కడ సొంత గడప లేనివాడిని ఎక్కడ పడుకోబెట్టాలో ఇంకొకరు చెప్పాలి. కిరాయి మాట్లాడేటప్పుడు ఈ ముక్క ఎవరూ ఎత్తరు. అందరికీ తెలుసు, అంతే.

హాలు పేరుకు కమ్యూనిటీ హాలు. కమ్యూనిటీలో పెళ్ళి చేసుకునేవాళ్ళే ఉంటారని కట్టినవాళ్ళ నమ్మకం. మర్నాడు ఎవరిదో రిసెప్షన్ ఉందని లోపలికి రానివ్వలేదు. వరండాలో పెట్టారు. భీవండి నుంచి బిడ్డ రావాలి గనక ఐస్ పెట్టె తెప్పించారు. తెల్లారేసరికి కరెంటు పోయింది, పెట్టె ఆగింది. కప్పు మీద సోలార్ ప్లేట్లు ఉన్నాయి కదా అన్నాను. "అవి షోకు ప్లేట్లు టీచరమ్మా, పని జెయ్యవు" అన్నాడు వాచ్‌మన్ బాలయ్య. బిడ్డ వచ్చాక స్నానం పోద్దామంటే, ముందు ఆవరణంతా కొత్త టైల్స్, పొయ్యి పెడితే పగులుతాయన్నారు. వంటగదికి తాళం. అది పెళ్ళి వంటలది, చావు నీళ్ళు అందులో కాచొద్దట. ఎవరో పుణ్యాత్ముడు బకెట్లో పెట్టే హీటర్ రాడ్డు తెచ్చాడు. కరెంటు ఉంటే కదా. పుష్యమాసం. బోరు నీళ్ళు పట్టి పోశారు.

ఆయన ఎండాకాలంలో కూడా వేడినీళ్ళు లేకుంటే స్నానం మర్నాటికి వాయిదా వేసే మనిషి. నీ బిడ్డ పెళ్ళిలో వంటవాళ్ళు నీళ్ళు కాచే గంజు దగ్గర బకెట్ పట్టుకుని నిలబడితే, సాంబారు కోసం వచ్చాడనుకుని వాళ్ళు గిన్నె చేతికిచ్చారు.

నేను ఏడవలేదు. టెంటువాళ్ళు తాడు కరెంటు స్తంభానికి కడుతుంటే వద్దని చెప్పాను. ఆ ప్లేట్ల మాటా ఈ తాడు మాటా, నేను మాట్లాడింది అంతే. "రాయి తీరుగున్నది" అని ఎవరో అన్నారట. రాయైతే ఎండకు కాగుతుంది. నాకు అది కూడా లేదు.

చలికాలం పోయింది, ఎండలొచ్చాయి. వచ్చినట్టు నాకు టీవీ చెప్పింది. మా వంటింటి కిటికీలోంచి ఆ హాలు కప్పు కనిపిస్తుంది. చూడడానికి ఇంకేమీ లేక రోజూ దాన్నే చూస్తూ కూర్చున్నాను. అన్నేళ్ళు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పిన కళ్ళు గదా, కొన్నాళ్ళకు అవే పని మొదలుపెట్టాయి. ప్లేట్లన్నీ తూర్పు మొఖం పెట్టి ఉన్నాయి. మన దగ్గర సూర్యుడు ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం వైపు ఒరిగి నడుస్తాడు, ప్లేట్లు అటే చూడాలి. పైగా నైరుతి మూల బరువుండాలని అక్కడ పెద్ద నీళ్ళ ట్యాంకు కట్టారు. మధ్యాహ్నం దాటితే దాని నీడ చివరి ప్లేట్ల మీద పడుతుంది. ఒక్కదాని మీద నీడ పడితే వరసంతా మందగిస్తుంది, బడిలో ప్రార్థనప్పుడు ఒకడు ఆవలిస్తే వరసంతా ఆవలించినట్టు. ఉన్న కొద్ది కరెంటును దాచుకోవడానికి బ్యాటరీ లేదు. ప్లేట్లది తప్పు కాదు. వాటిని ఎండ చాలని దిక్కుకు నిలబెట్టి పని చేయవని పేరు పెట్టారు.

వానాకాలం మొదట్లో హాలుకు కొంత గ్రాంటు వచ్చిందని, దాంతో ఏసీలు పెట్టిద్దామని, ఆదివారం అందరూ మీటింగుకు రమ్మని కాలనీ గ్రూపులో మెసేజ్ వచ్చింది. ఆయన పోయాక నేను మెట్లు దిగి వెళ్ళిన మొదటి చోటు అదే. కోపంతో వెళ్ళలేదక్కా, కోపం ఉంటే చెప్పేదాన్ని. ఇంకో కిరాయి మనిషికి ఆ వరండాలో చన్నీళ్ళు పోయకూడదు. నాకు కావలసింది ఆ ఒక్కటి.

కమిటీ అధ్యక్షుడు యాదగిరి. రిటైరైన బ్యాంకు మనిషి, మంచి చొక్కాలు వేస్తాడు. నేను లేచి నిలబడి ఏసీలు వద్దన్నాను. కప్పు మీద తెల్ల సున్నం కొడితే సగం ఉక్క అక్కడే ఆగుతుంది, పాత ఫ్యాన్లు తీసి తక్కువ కరెంటు తినే కొత్తరకం పెడితే మిగతాది తీరుతుంది, ప్లేట్లు దక్షిణానికి తిప్పి బ్యాటరీ పెట్టండి, మిగిలిన దాంతో వెనకాల ఒక గది కట్టి సోలార్ వేడినీళ్ళు పెట్టండి అన్నాను.

"వెనకాల గది దేనికి?" అన్నాడు యాదగిరి.

"సచ్చినోళ్ళకు. కిరాయిలుండేటోళ్ళ పీనుగలను ఓనర్లు రానియ్యరు. ఆ గదిల పెట్టుకోని, తానం పోసి, తీస్కపోతరు."

అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"పెండ్లిళ్ళ హాలు ఎనక పీనుగుల గది పెడితె ఎవడు బుక్ జేస్తడు టీచరమ్మా?" అన్నాడు ఒకాయన.

"పెండ్లి జేసుకున్నోళ్ళే గదనయ్యా సచ్చేది."

"పెండ్లి గాకుంట గూడ సస్తరు" అంది వెనకనుంచి ఒకామె.

"వాళ్ళను గూడ రానిద్దాం" అన్నాను.

కొందరు నవ్వారు. యాదగిరి నవ్వలేదు. పక్కనే కూర్చున్న వాస్తు పంతులు వైపు తిరిగాడు. ఈ హాలు కట్టేటప్పుడు కొలతలు పెట్టింది ఆయనే. ప్లేట్లను తూర్పుకు తిప్పించింది కూడా ఆయనేనని అప్పుడు తెలిసింది.

"గది సంగతి తర్వాత. ప్లేట్లు మాత్రం దక్షిణం మొఖం పెట్టొద్దు" అన్నాడు పంతులు. "దక్షిణం యముని దిక్కు. లగ్గమయ్యే హాలు యముని దిక్కు సూడొద్దు. కొత్త జంటలకు అరిష్టం."

"అయ్యగారూ, మీరు చెప్పిన్రని సూర్యుడు ఉత్తరం దిక్కుకెల్లి వస్తడా?"

"సూర్యునికి నేను జెప్తలేనమ్మా. హాలుకు జెప్తున్న."

మంచి జవాబే. ఆయన మూర్ఖుడేం కాదు. ఆయన శాస్త్రం ఆయనకుంది. నేనూ ఆ శాస్త్రం లోపలే వెతికాను.

"సరే, హాలు మీద దక్షిణం వద్దు. ఎనకాల ఖాళీ జాగ దక్షిణం దిక్కే గద ఉన్నది. ఆడ కట్టే గది ఎట్లయినా యముడిదే. దాని కప్పు దక్షిణానికి వంచి, ప్లేట్లన్ని దాని మీదికి మార్చుండ్రి. ట్యాంకు నీడ గూడ అటు పడది. దానికేమన్న అరిష్టమున్నదా?"

పంతులు వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకున్నాడు.

"శాస్త్రంల అభ్యంతరం లేదు" అన్నాడు.

యాదగిరికి ఇంకో అనుమానం వచ్చింది. "అంటె మా పెండ్లిళ్ళ లైట్లకు కరెంటు పీనుగుల గది మీదికెల్లి వస్తదా?"

"ఇప్పుడు బొగ్గుకెల్లి వస్తున్నది. బొగ్గంటె ఎన్నడో సచ్చిన చెట్లే."

ఆ మాటకు ఒప్పుకున్నారని నేననుకోను. ఏసీలు పెడితే నెలనెలా బిల్లు ఎవరు కట్టాలన్న దగ్గర మీటింగు చల్లబడింది. ఆ గదికి నీళ్ళ ట్యాంకు వేరే, పైపు వేరే, దారి వేరే ఉండాలని షరతు పెట్టి, అటు నీళ్ళు పెళ్ళి వంటల వైపు రావని మూడుసార్లు నాతో అనిపించుకుని, చేతులెత్తారు. ఇంకో షరతు యాదగిరి పెట్టాడు. "తాళంచెవి కమిటి దగ్గర ఉండది. మీరే పెట్టుకోండ్రి టీచరమ్మా." పెట్టుకుంటానన్నాను.

దసరా నాటికి గది లేచింది. గొప్పగా ఏం లేదు. ఒక సిమెంటు అరుగు, నీళ్ళు పోయే కాలువ, గోడకు రెండు కుళాయిలు, ఐస్ పెట్టెకు ప్లగ్గు. కప్పు మీద ప్లేట్లు, వాటి పక్కన నల్ల గాజు గొట్టాల నీళ్ళ హీటరు. మబ్బు పట్టిన రోజుల కోసం లోపల చిన్న కరెంటు కాయిల్ కూడా పెట్టించాను. హాలు కప్పుకు సున్నం పడింది, ఫ్యాన్లు మారాయి. మొదటి నెల బిల్లు చూసి యాదగిరి మీటరు చెడిపోయిందని లైన్‌మన్‌ను పిలిపించాడు. పెళ్ళిళ్ళు ఆగలేదు. ముహూర్తాలు దొరికినవాళ్ళకు హాలు వెనక ఏముందో చూసే తీరిక ఉండదు.

అందరూ నన్ను మెచ్చుకున్నారు. నాకేమీ అనిపించలేదు. ఇంటికొచ్చి పప్పు వేసుకున్నాను. అన్నం తిన్నానని రాస్తున్నాను, లేకపోతే అడుగుతావు.

పోయిన వారం సత్తెమ్మ పోయింది. ఆ చాయ్ రోజు నీకు ఫోన్లో చెప్పబోయింది ఆమె గురించే. ఇందాక చెప్పిన వాచ్‌మన్ బాలయ్య భార్య, శేరిగూడలో పిల్లల హాస్టల్‌లో వంట చేసేది. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి పక్క వీధిలో ఒక్క గదిలో కిరాయికి ఉంటారు. గుండె ఆగిపోయిందన్నారు. వాళ్ళ ఓనరమ్మ కూడా జంగయ్య మాటే మాట్లాడింది, కొంచెం ఎక్కువ మర్యాదగా. బాలయ్య మా మెట్ల కింద చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఆ గదికి ఇసుక మోసిందీ ఆయనే, అయినా అడుగుతున్నాడు.

"టీచరమ్మా, గది జర తెరుస్తరా?"

"అడుగుడెందుకు బాలయ్యా. పోదాం పా."

రెండు రోజులుగా మబ్బుగా ఉంది. కాయిల్ వేశాను గాని నీళ్ళు కాగాయో లేదో నాకు తెలియదు. వాళ్ళ ఊరి నుంచి బాలయ్య అన్న వచ్చాడు, పెద్ద తలపాగా, పెద్ద గొంతు. కుళాయి చూసి ఆగిపోయాడు.

"పీనుగకు పోసే నీళ్ళు నిప్పు మీద కాగాలె. నిప్పు సూడని నీళ్ళు ఎట్ల పోస్తరు? కట్టెలు తెప్పించుండ్రి."

"నిప్పు చూసే వచ్చినయ్ పెద్దయ్యా. పైన సూర్యుడు కాచిండు" అన్నాను.

"ఎండ నిప్పెట్లయితది?"

సూర్యుడి గురించి పెద్ద పాఠమే చెప్పగలను. చెప్పలేదు. బాలయ్య తన అన్న వైపు చూశాడు, నా వైపు చూశాడు. జేబులోంచి కర్పూరం బిళ్ళ తీసి కుళాయి కింద గోడకు ఆనించి వెలిగించాడు. "నిప్పు సూసినయ్ అన్నా, ఇగ పోద్దాం" అన్నాడు. పెద్దాయన తలపాగా సర్దుకుని పక్కకు జరిగాడు.

కుళాయి తిప్పారు. ఆవిరి లేచింది. ఆడవాళ్ళు చీర అడ్డం పట్టుకున్నారు. బాలయ్య బకెట్లో చెయ్యి పెట్టి చప్పున తీసుకున్నాడు.

"కాలుతున్నయమ్మా. జర చన్నీళ్ళు కలుపుండ్రి. సత్తెమ్మ తట్టుకోది."

చన్నీళ్ళు కలిపారు. ఆయన మళ్ళీ చెయ్యి పెట్టి చూసి, సరే అన్నాడు. తర్వాత పోశారు.

నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. ఏదో ఒకటి అనిపిస్తుందని చూశాను. కాలువలో నీళ్ళు సరిగ్గా పోతున్నాయా లేదా అని చూశాను. పోతున్నాయి.

వాళ్ళు ఎత్తుకుపోయాక అరుగు కడిగించి, తాళం వేసుకుని ఇంటికొచ్చాను. జంగయ్య గేటు దగ్గరే ఉన్నాడు. నా చేతి వైపు చూశాడు.

"టీచరమ్మా, ఆ తాళంచెవి మా ఇంట్ల పెడుతున్నరా?"

"అవ్. దసరాకెల్లి మీ ఇంట్లనే ఉన్నది."

పాపం, మొఖం మాడిపోయింది. "తెల్వక ఉన్నది వేరే ముచ్చట. ఇప్పుడు తెలిసింది గద. మా ఆమె వింటె ఊకోది. ఇంకేడన్న పెట్టుండ్రి."

"నేను గూడ ఆ గదికెల్లే వచ్చిన జంగయ్యా. నన్ను గూడ ఇంకేడన్న పెడ్తవా?"

"మీరుండుండ్రి. మిమ్ముల ఎవరేమన్నరు. చెవే."

గేటు బయట గోడకు కరెంటు మీటరు డబ్బా ఉంది. అది ఇంటి కిందికి వస్తుందా రాదా అని ఇద్దరం నిలబడి మాట్లాడుకున్నాం. అది కరెంటోళ్ళదే గాని తనది కాదని జంగయ్య తేల్చాడు. అందులో వేలాడదీశాను. "ఇగ ఫికర్ లేదు" అన్నాడు. నాకు అంతకుముందు కూడా లేదు.

అక్కా, సంక్షిప్తంగా రాద్దామనుకుని ఇంత రాశాను. బడిలో కూడా అందరూ నామీద ఈ ఫిర్యాదే చేసేవాళ్ళు. చలి మొదలైంది, మోకాళ్ళకు నూనె రాసుకో. నీకు కాచి పోసేవాళ్ళున్నారు, చన్నీళ్ళ జోలికి పోకు.

ఇంకొక్క మాట ఉండిపోయింది. అక్కడ ఒక్కదానివి ఏం చేస్తావు, వచ్చి నా దగ్గర ఉండు అని రాములుతో కబురు పెట్టావు. నీ పిలుపు నాకు సమ్మతమే. మన ఇంట్లో ఇద్దరం ముసలివాళ్ళం ఒకరినొకరం తిట్టుకుంటూ బాగానే ఉంటాం. కానీ నిన్న కొత్తగా వచ్చిన ఒక అద్దె కుటుంబం, భార్యాభర్తలు, వాళ్ళ ముసలి తల్లి, ఊరికే పలకరించడానికి వచ్చినట్టు వచ్చారు. చాయ్ ఇచ్చాను. పోతూ పోతూ ఆ భర్త గొంతు తగ్గించి, "అమ్మకు బాగుంటలేదు టీచరమ్మా. మీరు ఈడనే ఉంటరు గదా" అని అడిగాడు. ఉంటానన్నాను.

చెవి మీటరు డబ్బాలో ఉందని అందరికీ తెలుసు, కావాలంటే వాళ్ళే తీసుకోవచ్చు. తీసుకోరు. ముందు మెట్ల కింద నిలబడి పిలుస్తారు. పిలిచినప్పుడు పైనుంచి ఒక మనిషి పలకాలి. అందుకని ఇప్పుడు రాలేను.

రాములుకూ కోడలికీ దీవెనలు, పిల్లల తల మీద నా బదులు నువ్వు చెయ్యి పెట్టు. నా తల మీద పెట్టాల్సింది నువ్వొక్కదానివే మిగిలావు. అక్కడి నుంచే పెట్టు, అందుతుంది.

నీ చెల్లె
సుగుణ